వరసలో సంచి

"గ్యాపు సర్టిఫికెట్టుకు జిరాక్సు యాడమ్మా?"

హేమ చేతిలోని కాగితాలు తిరగేసి అడిగాడు అటెండరు ఎర్రప్ప.

"ఒరిజినలు ఉండాది గదన్నా!"

"ఒరిజినలు చూస్తారు, జిరాక్సు పెట్టుకుంటారు. అది లేకుంటే లోపల సారు నీ కాగితాలు ముట్టడు. ముందే చెప్తాండా."

అతను వెనకవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోయాడు.

హేమ కాగితాలన్నీ మళ్ళీ తిరగేసింది.

యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి మిగిలిపోయిన సీట్లు ఇచ్చే రోజు అది. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చినవాళ్ళెవరైనా రావచ్చు. వరసలో ముందున్నవాళ్ళకు ముందు. ఎన్ని సీట్లున్నాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయినేడు హేమకు సీటు రాలేదు. ఏడాదంతా నల్లమాడలో చేని పనులకు పోతూ, మళ్ళీ చదివి, మళ్ళీ పరీక్ష రాసింది. ఆ ఏడాది ఏ కాలేజీలోనూ చేరలేదనే కాగితమే గ్యాపు సర్టిఫికెట్టు.

"ఈసారీ రాకుంటే హిందూపురం కుట్టు కంపెనీకి పోదువులే" అని బస్సు ఎక్కిస్తూనే చెప్పేశాడు నాయన. కోపంతో అన్న మాట కాదు. ఈ ఏడూ శెనక్కాయ చేను ఎండిపోయింది.

వరసలో హేమ ముందున్న ఆడమనిషి వెనక్కి తిరిగింది. నలభైకి దగ్గర పడిన మనిషి. చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి.

"ఇట్లియ్యి పాపా, జిరాక్సు నేను తీపిచ్చుకోనొస్తా. గేటు కాడ అంగట్లో కరెంటు లేదు. రోడ్డు దాటి శానా దూరం పోవల్ల."

"నేనే పోతాలే అక్కా."

"నీకు ఈ ఊరు కొత్త మాదిరుండాది. తాడిపత్రి నుంచి తిరిగి తిరిగి నాకు ఈడి అంగళ్ళన్నీ ఎరుకే."

"కొడుకు సీటు కోసమా అక్కా?"

ఆమె కొంగు తల మీదికి లాక్కుని నవ్వింది.

"తల్లి ఎండలో, కొడుకు దుప్పట్లో. అదృష్టమంటే వాడిదప్పా!" అన్నాడు హేమ వెనకున్న కళ్ళద్దాల అబ్బాయి.

వరసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

హేమ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వెనకాడింది. ముక్కూ మొహం తెలియని మనిషి.

"ఎత్తుకపోయి నేనేం జేసుకుందునే? దాంట్లో ఉండేది నీ పేరు గదా?"

హేమకు నవ్వొచ్చింది. ఇచ్చేసింది.

ఆమె తన సంచిని వరసలో, తను నిలబడిన చోటే పెట్టింది.

"దీన్ని చూస్కో. నీళ్ళ ట్యాంకరు కాడ మా ఊర్లో మనుషులు నిలబడరు, బిందెలే నిలబడతాయి. ఒకరి బిందె ఒకరు ముట్టరు."

"మా ఊర్లోనూ అంతే అక్కా. నువ్వు పోయిరా, నేను చూస్తా."

ఆమె చెప్పులు టపటపలాడించుకుంటూ ఎండలోకి పోయింది.

వరస కదిలింది. హేమ వంగి సంచిని ముందుకు జరిపింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ జరిపింది.

ఆమె రాలేదు.

సంచికి ముందున్న పిల్ల సీటు కాగితంతో బయటికొచ్చింది. వెనకే గుమాస్తా తల బయటపెట్టాడు.

"ఒక్క సీటే ఉంది. తర్వాతెవరు?"

హేమ సంచి వైపు చూసింది.

"సంచికి సీటిస్తారా ఏంది? పోతావా, నేను పోదునా?" కళ్ళద్దాల అబ్బాయి భుజం తోసుకొచ్చాడు.

"ఏమ్మా, నీ ముందు ఎవరన్నా ఉన్నారా?" గుమాస్తా అడిగాడు.

ఆ కొడుకెవరో, అసలు వస్తాడో రాడో. వచ్చేవాడైతే ఈపాటికి రాడా?

హేమ కాలితో సంచిని గోడ వారకు నెట్టింది.

"ఎవరూ లేరు సార్."

లోపల అధికారి ఒక్కొక్క కాగితమూ చూశాడు.

"గ్యాపు సర్టిఫికెట్టు?"

"జిరాక్సుకు పోయినారు సార్. వస్తాంది."

"వచ్చేదాకా నేను కూర్చోవాల్నా? పక్కకు జరుగు. తర్వాతబ్బాయిని పిలువప్పా."

"సార్, సార్, ఒక్క నిమిషం సార్!"

"పాపా!"

కిటికీ ఊచల్లోంచి చెమటతో తడిసిన చెయ్యి లోపలికొచ్చింది. చేతిలో సర్టిఫికెట్టు, దాని జిరాక్సు.

"మూడంగళ్ళు తిరిగినా. రెండింట్లో కరెంటు లేదు. అందినాయా?"

హేమ అందుకుంది. ఆమె ముఖంలోకి చూడలేదు.

అధికారి ముద్ర వేశాడు.

"అయిపోయినాయి సీట్లు. తలుపెయ్యండి."

హేమ బయటికి వచ్చేసరికి ఆమె గోడ వారనున్న సంచికి దుమ్ము దులుపుతోంది.

"జరిపినారా?" మెల్లగా అడిగింది.

"నేను వద్దంటానే ఉండాను. వెనకోళ్ళంతా తోసేసినారక్కా."

ఆమె సంచి మీది దుమ్ము ఇంకోసారి దులిపింది.

"నీళ్ళు తక్కువైతే బిందెలూ జరుపుతారులే" అంది. "నీకైతే వచ్చింది గదా. బాగా చదువుకో."

సంచి చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది. హేమ నాయనకు ఫోను చేసింది. అవతల ఆయన ఏడ్చేశాడు. హేమ కూడా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే ఆమె కనిపించలేదు.

ఎర్రప్ప తలుపుకు తాళం వేస్తూ అటూ ఇటూ చూశాడు.

"మారెక్క యాడ పోయ? నీ ముందే గదా ఉన్యాది. సీటు దొరికినట్లేనా?"

"ఆయమ్మ కొడుకు రానేలేదన్నా" అంది హేమ.

"యా కొడుకు?"

ఎర్రప్ప తాళం వేయడం ఆపాడు.

"తమ్ముళ్ళను చదివిచ్చేదాంట్లో పెండ్లే చేసుకోలేదు ఆయమ్మ. పోయినేడు ఈడికొస్తే, ఈ వయసులో నీకేం చదువమ్మా అని నవ్వి పంపిచ్చిరి. మళ్ళా ఏడాదంతా చదివి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకోనొచ్చింది పాపా... ఆయమ్మ వచ్చింది తన సీటు కోసమే."