పద్దెనిమిది నిండేదాకా

ఆ పిల్ల మొదటిసారి లిప్‌స్టిక్ దొంగిలించినప్పుడే సెక్యూరిటీ గార్డు చూశాడు. చూసి, నవ్వి, తలుపు తీసి పట్టుకున్నాడు.

జాలిపడి కాదు. జాలి అతని ఒంటికి పడదు.

నిరుడు పదహారేళ్ల వాణ్ణొకణ్ణి ఇయర్‌ఫోన్లతో సహా పట్టుకుని పోలీసులకి అప్పగించాడు. మైనరన్నారు. పిల్లల కోర్టులో నాలుగు మంచి మాటలు చెప్పి ఇంటికి పంపేశారు. మూడోనాడు వాడు షాపు అద్దం ముందు నిలబడి, గార్డుకి సెల్యూట్ కొట్టి, ఈల వేసుకుంటూ పోయాడు. షాపులో గార్డుని అందరూ డేగ అని పిలిచేవాళ్లు. ఆ వారమంతా కోడిపిల్ల అన్నారు.

అందుకని ఈ పిల్ల విషయంలో డేగ తొందరపడలేదు. షాపు డిస్కౌంటు కార్డు కోసం ఆమె నింపిచ్చిన కాగితం కౌంటర్లో ఉంటే తీసి చూశాడు. పుట్టినతేదీ చూసి వేళ్లు మడిచాడు. ఇంకా అయిదు నెలలు. ఆ రోజు దాటిందా, ఇక మంచి మాటలుండవు. కేసు, కోర్టు, జైలు. నర్సింగులో చేరబోతోందని వాళ్లమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాడు. దొంగతనం కేసున్న దాన్ని ఏ ఆస్పత్రి గడప తొక్కనిస్తుంది? తలుచుకుంటేనే అతనికి ఆ పూట అన్నం రుచిగా ఉండేది.

గోతికాడ నక్కలా కూర్చున్నాడు.

పిల్ల గొడుగుతో వచ్చేది. సరుకు గొడుగు మడతల్లోకి జారేది. బిల్లు కౌంటరు అమ్మాయికి ఒకరోజు అనుమానం వచ్చింది.

"వాన లేదు, ఎండ లేదు. ఆ గొడుగేంటి బాబాయ్ ఆ పిల్లకి?"

"నీకెందుకమ్మా? నీ బిల్లు నువ్వు కొట్టుకో."

సరుకు తగ్గుతోందని ఓనరు కూడా కనిపెట్టాడు. డేగని గదిలోకి పిలిచి నిలదీశాడు.

"ఎలుకలేమోనండీ," అన్నాడు డేగ.

"ఎలుకలు లిప్‌స్టిక్కులు వేసుకుంటాయటయ్యా?"

"ఈ కాలం ఎలుకలు వేసుకోవని చెప్పలేమండీ."

అయిదు నెలల్లో పదకొండు దొంగతనాలు. పదకొండుసార్లూ కెమెరా గదిలో కూర్చుని ఆ వీడియో ముక్క వరకు తన ఫోన్లోకి ఎక్కించుకున్నాడు. తేదీ వేసి, టైము వేసి, వరసగా పెట్టుకున్నాడు. కన్నకూతురి పెళ్లి ఫొటోలు కూడా అంత శ్రద్ధగా దాచుకోలేదు.

పుట్టినరోజు వచ్చింది. పిల్ల కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. పుట్టినరోజు తగ్గింపుతో షాంపూ కొంది. తగ్గింపు చాలలేదో ఏమో, ఒక సెంటు సీసా గొడుగులో వేసుకుంది. డేగ ఎప్పటిలాగే తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె గడప దాటి రెండడుగులు వేశాక చెయ్యి పట్టుకున్నాడు.

"పుట్టినరోజు శుభాకాంక్షలమ్మా," అన్నాడు.

ఓనరు గదిలో పంచాయితీ. ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పిల్ల ముక్కు చీదుకుంటూ మూల నిలబడింది. డేగ ఫోను తీసి పదకొండు ముక్కలూ ఒకదాని వెంట ఒకటి చూపించాడు. ఓనరు నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టరమ్మ తల ఊపింది.

"భలే పనిమంతులండీ మీరు. అన్నీ మీరు చూసినవేనా?"

"నా కన్ను గప్పి చీమ కూడా పోదమ్మా."

"అంకుల్‌కి మొదట్నుంచీ తెలుసు," అంది పిల్ల ఏడుపు మధ్యలో. "నేను పట్టుకుపోతుంటే నన్ను చూసి నవ్వి తలుపు తీసేవారు. నాకు ధైర్యం వచ్చిందే అందుకు."

"చూశారా, ఒప్పేసుకుంది! రాసుకోండమ్మా," అన్నాడు డేగ.

అంతలో పిల్ల తల్లి వగరుస్తూ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కూలు సర్టిఫికెట్టు. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని తీసి రెండుసార్లు చదివింది.

"దీని ప్రకారం పిల్లకి ఇవాళ్టికి పదిహేడే నిండాయి."

"అబద్ధం!" డేగ లేచాడు. "కార్డు కాగితంలో పద్దెనిమిది ఉంది. దాని చేతిరాతే!"

"పద్దెనిమిదే బాబూ," అంది తల్లి నేల చూపులు చూస్తూ. "బళ్లో వేసేటప్పుడు మా మావగారు ఒక ఏడాది తగ్గించి రాయించారు. రేపు ఉద్యోగం వస్తే ఒక ఏడాది ఎక్కువ చేసుకుంటుందని."

"ఇంకే కాగితమైనా ఉందా?"

"ఇంట్లోనే పుట్టిందమ్మా. ఉన్నది ఇదొక్కటే."

"కోర్టు కూడా దీన్నే చూస్తుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "ఇంకో ఏడాది దాకా మైనరే."

డేగ కుర్చీలో కూలబడ్డాడు. అయిదు నెలల కాపలా బూడిదలో పోసిన పన్నీరైంది.

"అయితే దీన్ని కూడా నాలుగు మంచి మాటలు చెప్పి పంపేస్తారన్నమాట! ఇక కేసెందుకమ్మా, కొట్టేయండి."

"కొట్టేయడానికెలా కుదురుతుంది?" ఇన్‌స్పెక్టరమ్మ ఓనరు వైపు తిరిగింది. "సరుకు పోతోందని ఇతన్ని అడిగారా మీరు?"

"అడిగాను. ఎలుకలన్నాడు."

ఇన్‌స్పెక్టరమ్మ డేగ చేతిలోంచి ఫోను తీసుకుని తన సంచిలో వేసుకుంది. పిల్లని తల్లి పక్కన కూర్చోబెట్టింది. తెల్లకాగితం ముందుకు లాక్కుని కలం మూత తీసింది.

"మైనరు పిల్లకి పదకొండుసార్లు తలుపు తీసి పట్టుకుని దొంగతనం చేయించిన పెద్దమనిషీ, నీ పుట్టినతేదీ చెప్పు."