బూటులో మేకు

బట్టల దుకాణం మేనేజరు బూటు అడుగు ఊడింది.

ఆయన దుకాణం మెట్ల పక్కనే చెప్పులు కుట్టే ముసలాయన కూర్చుంటాడు. త్వరగా అతికించమని బూటు విప్పి ఇచ్చి, కూల్‌డ్రింకు తాగుతూ ఒంటికాలి మీద నిలబడ్డాడు మేనేజరు. కాలేజీకి వెళ్తున్న కూతురు ఆ సీసా వంక చూసింది.

"ఎండగా ఉందని. ఇవాళ ఒక్కటే" అన్నాడు.

ముసలాయన అడుగు అతికించి, నొక్కడానికి బూటులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. పట్టకారుతో లోపలి నుంచి ఒక మేకు లాగాడు.

అంగుళం మేకు. మొదలు దగ్గర నెత్తురు ఎండిపోయి ఉంది. కొసన ఇంకా తడిగానే ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి గుచ్చుకుంటోంది సార్?"

"నాకేం గుచ్చుకోలేదే."

ముసలాయన మేకును, సీసాను మార్చి మార్చి చూశాడు.

"షుగరుందా సార్?"

మేనేజరు ముఖం మాడిపోయింది. తీపి మానేశానని, మాత్రలు వేళకు వేసుకుంటున్నానని ఇంట్లో ఏడాదిగా అబద్ధం చెబుతున్నాడు.

"బూటివ్వు."

"ఆ నల్ల సాక్సు ఒకసారి తీయండి. నొప్పి తెలియడం లేదంటే ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళాలి."

"నువ్వేమైనా డాక్టరువా?"

కాలు చూపిస్తేనే ఇస్తానని ముసలాయన బూటును ఒళ్ళో దాచుకున్నాడు. జనం పోగయ్యారు. ఒక్కసారి చూపించమని కూతురు గొణిగింది. మేనేజరు బూటు లాక్కుని తొడుక్కున్నాడు. మర్నాడే ముసలాయన్ని మెట్ల దగ్గర నుంచి ఖాళీ చేయించాడు.

కూతురు ఇంట్లో మళ్ళీ అడిగింది.

"నొప్పే లేనప్పుడు ఆస్పత్రి ఎందుకమ్మా?" అని నవ్వేశాడు.

నొప్పి తర్వాత కూడా రాలేదు. పన్నెండో రోజు జ్వరం వచ్చింది.

కుడి పాదం సగం తీసేశారు. మేకు బయటపడిన రోజే వచ్చి ఉంటే ఒక్క వేలు కూడా పోయేది కాదని డాక్టరు చెప్పాడు. కూతురు తండ్రి వైపు చూడలేదు.

మూడు నెలలకు నర్సు కొత్త బూటు తెచ్చింది. ముందు సగం మెత్తగా నింపి ఉంది. మిగిలిన పాదం అందులో చక్కగా ఒదిగింది.

ఎవరు కుట్టారని అడిగింది కూతురు.

"మా ఆస్పత్రిలో వేళ్ళు పోయినవాళ్ళందరికీ ఇరవై ఏళ్ళుగా ఒక పెద్దాయనే కుడుతున్నాడమ్మా. కొలతకని నాన్నగారి పాత బూటు పంపితే, దాని అడుగు తనే అతికించానన్నాడు. చాలాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, 'ఈ ఒక్క కాలికైనా నేను కుట్టే అవసరం రాకూడదనుకున్నాను' అన్నాడు."