అరవై మూడు అంగుళాల బండ

ఏం, అప్పుడే ఆవలిస్తున్నావా? నోరు మూసుకుని కూర్చో. ఇది విని నవ్వు ఆపుకున్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు. నీ వాలకం చూస్తే నువ్వు సగంలోనే దొర్లేట్టున్నావు.

మా అన్నయ్య దర్జీ. ఎవరి పేరూ గుర్తుండదు కానీ, ఎవరి కొలతైనా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వీధిలో ఎదురుపడ్డ పెద్దమనిషిని "నమస్కారం, ఛాతీ నలభై రెండు" అని పలకరించిన ఘనుడు. పాతికేళ్ళలో ఆదివారం కూడా కొట్టు మూసి ఎరగడు.

చొక్కాలకి బొత్తాల కాజాలు కుట్టేది వదిన. బడి తెరవడానికి వారం ఉందనగా, నూట పది బడిపిల్లల చొక్కాలు కాజాల్లేకుండా బల్ల మీద పడి ఉండగా, వదిన సూది తీసి పక్కన పెట్టేసింది.

"ఆదివారానికి మన పెళ్ళయి పాతికేళ్ళు. నన్ను చేసుకుంటానని మీరు మాటిచ్చిన బండ దగ్గరికి తీసుకెళ్ళండి. కాజాల సంగతి ఆ తర్వాత."

"ఏ బం..." అన్నయ్య నాలిక కరుచుకున్నాడు.

"గుర్తుందా, లేదా?"

"ఎందుకు గుర్తులేదే!"

"సముద్రం ఒడ్డున. మీరే టేపు చుట్టి కొలిచారు. చుట్టుకొలత అరవై మూడు అంగుళాలు."

పెళ్ళికి ముందు అన్నయ్య ఈ తీరం ఊళ్ళలోనే మిషను పెట్టుకుని తిరిగేవాడు. కాదనడానికి లేదు. పైగా మనిషిని మరిచిపోతే మరిచిపోయాడు, కొలతనే మరిచిపోతే ఇంకేం దర్జీ? పైకి చెప్పుకోలేక, ఆదివారం మొదటి బస్సులో వదినని వెంటబెట్టుకుని మా ఊళ్ళో దిగాడు. నేను ఇక్కడ వ్యాను తోలుతాను.

దిగీ దిగగానే నన్ను వ్యాను చాటుకి లాక్కెళ్ళాడు. "ఒరేయ్, చచ్చినా గుర్తు రావట్లేదురా. సాయంత్రంలోగా అది దొరక్కపోతే బడిపిల్లలందరూ చొక్కాలు రెండు చేతుల్తో మూసుకుని ప్రార్థన చెయ్యాలి. హెడ్మాస్టరు మళ్ళీ నాకు జేబురుమాలు కూడా కుట్టనివ్వడు."

నా నోట్లో చక్కెర పోసినట్టయింది.

మా తీరం పాములా మెలికలు తిరిగి ఉంటుంది. ప్రతి మెలికలోనూ ఒక చిన్న బీచి, దాని నిండా బండలు. మొదటిదాంట్లో అన్నయ్య ఒక్కో బండకీ తన మూడు గజాల టేపు చుట్టాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. యాభై ఒకటి. డెబ్బై. నలభై తొమ్మిది.

"ఇది పిల్లల సైజు" అని గొణిగాడు.

వదిన అటు తిరిగి నీళ్ళలో పాదాలు పెట్టుకుని నిలబడింది. అరగంట తర్వాత వచ్చి, "ఇక్కడ కాదు. ఇంకో చోటికి పదండి" అంది.

రెండో బీచిలో వల బాగుచేసుకుంటున్న ముసలాయన మమ్మల్ని చాలాసేపు గమనించాడు. "ఏం బాబూ, బండకి చొక్కా కుడతారా?"

"చొక్కా కాదు తాతా, స్వెట్టరు. వానాకాలం వస్తోంది కదా. ఒడ్డునున్న బండలన్నిటికీ కుట్టమని పైనుంచి ఆర్డరు" అన్నాను.

తాత నవ్వలేదు. తల ఊపి, వల అక్కడే పడేసి ఊళ్ళోకి పరిగెత్తాడు.

మేము మూడో బీచికి వెళ్ళేసరికి జనం మాకంటే ముందే ఉన్నారు. ఒకావిడ అన్నయ్య చెయ్యి పట్టుకుంది. "మా పెరటి బండ కూడా రాసుకో నాయనా. దానికి ఒకటే ఈదురుగాలి."

"మా దానికి మాత్రం ఎరుపు వద్దు" అన్నాడో పడవాయన. "ప్రమాదం జెండా అనుకుని పడవలు వెనక్కి తిరుగుతాయి."

అన్నయ్య ఏం చెయ్యాలి? మేము బండలకి స్వెట్టర్లు కుట్టం అనాలి. కానీ చేతిలో టేపుంది, ఎదురుగా గిరాకీ ఉంది. అలవాటు కొద్దీ, "మెడ వదులుగానా, బిగుతుగానా?" అని అడిగి రాసుకున్నాడు!

నేను ఇసుకలో పడి దొర్లాను.

వదిన మాత్రం వచ్చిపోయే అలల దగ్గరే ఉంది. "ఇంతకీ ఇది ఆగదా?" అంది నాతో.

నేను అన్నయ్య వైపు చూశాను. "పాతికేళ్ళు కాపరం చేసి నువ్వే ఆపలేకపోయావు, నేనేం ఆపను వదినా?"

నాలుగు, అయిదు, ఆరు. ప్రతిచోటా అదే వరస. వదిన అరగంట నిలబడటం, కాదనడం. అన్నయ్య మొహం ఉతికిన గుడ్డలా అయిపోయింది. ఏడోదాంతో రోడ్డు అయిపోయింది, పొద్దూ వాలిపోయింది. అక్కడున్నది ఒకే ఒక్క బండ. నా కంటికి అరవైకి మించి కనబడలేదు.

అన్నయ్య దేవుడికి దణ్ణం పెట్టుకుని టేపు తీశాడు. ఎంత వెధవనైనా తోడబుట్టినవాణ్ణి కదా, టేపు మొదట్లో మూడు అంగుళాలు గుప్పిట్లో దాచేశాను.

"అరవై మూడు!" అన్నయ్య బండని వాటేసుకున్నాడు. వెంటవచ్చిన జనం చప్పట్లు కొట్టారు.

వదిన వచ్చి బండ మీద కూర్చుంది. చీకటి పడబోయేదాకా నీళ్ళకేసి చూసి, "ఇదే" అంది. "రేపు పొద్దున్నే కాజాలు మొదలుపెడతాను."

తిరుగుదారిలో అన్నయ్య వెనక సీట్లో గురక. ముందు సీట్లో వదిన చెప్పుల్లో ఇసుక దులుపుకుంటోంది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా.

"వదినా, మనలో మాట. ఆ బండ అరవయ్యే. మిగతా మూడూ నా గుప్పిట్లో ఉన్నాయి. మొగుణ్ణీ పెళ్ళాన్నీ ఇద్దర్నీ ఒకే బుట్టలో వేశానా లేదా?"

వదిన వెనక్కి తిరిగి గురక వినిపిస్తోందని రూఢి చేసుకుని, నా చెవి దగ్గరికి వంగింది.

"ఒరే అబ్బాయీ, అసలు నేను సముద్రమనేదాన్ని చూడ్డమే ఇవాళ మొదటిసారి."