వైకుంఠం కట్టుడు పళ్లు

ఆగమ్మ ఇత్తడి గ్లాసు ఎత్తి చూసింది. నీళ్ల అడుగున మనిషి పళ్లున్నాయి.

గ్లాసు చెయ్యి జారింది.

"అంజన్! గ్లాసుల పండ్లురా! మనిషి పండ్లు!"

తల్లి కేక విని అంజన్ పాలకుండ దించి పరుగెత్తుకొచ్చాడు.

కిషన్‌బాగ్‌లో వాళ్ల బర్రెల పాకను ఆనుకుని ఉన్న గది అది. పోయిన చలికాలం వైకుంఠం అనే ముసలాయన వచ్చి అద్దెకు దిగాడు. రోజూ పొద్దున ఆయన గ్లాసులో పాలు పోసివ్వడం ఆగమ్మ అలవాటు.

మంచం మీద వైకుంఠం కదల్లేదు. అంజన్ ఆయన ఛాతీ మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది.

"పాణం పోయిందమ్మా."

"మరి ఆ పండ్లు?"

"ఆయనవే. పెట్టుడు పండ్లు."

గుమ్మంలో అంజన్ భార్య ఆండాలు నిలబడి ఉంది. మొగుడి వంక సూటిగా చూసింది.

"నిన్న పెండ్లి బంతిల అడిగితివి గదా. తెలిసిందా ఇప్పుడు?"

అంజన్ తల దించుకున్నాడు.

నిన్న బాలనర్సింహ ఇంట్లో పెళ్లి. వాడకట్టంతా భోజనాలకు కూర్చుంది. వైకుంఠం ఎప్పటిలాగే నోటికి తువ్వాల అడ్డం పెట్టుకుని పప్పన్నం తింటున్నాడు.

అంజన్‌కు హుషారు పుట్టింది.

"తాతా, ఈ సకినం కొరుకు. చప్పుడు అందరికి వినబడాలె!"

"వద్దు బిడ్డా."

"ఎందుకొద్దు? నీ పండ్లు సొంతానివా, బజార్ల తెచ్చినవా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అసలువి ఏడ పోయినయ్? ఎవరన్న ఊడగొట్టిన్రా ఏంది?"

బంతి మొత్తం నవ్వింది.

వైకుంఠం ముద్ద విస్తట్లో వదిలేశాడు. లేవలేదు. బంతి మధ్యలో లేస్తే పెళ్లివారికి అవమానం. చివరి మనిషి చెయ్యి కడిగేదాకా తువ్వాల అడ్డం పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఆండాలు అంజన్‌ను దులిపేసింది.

"కుంటోన్ని కాలేమైందని అడుగుతవా? పండ్లు గూడ గంతే. చెప్పుకునేదైతే ఆయనే చెప్తడు."

"నవ్వులాటకు అన్ననే."

"ఆయన నవ్విండా?"

పొద్దున పాలు తనే తీసుకెళ్లి, తప్పయిందని దండం పెడదామనుకున్నాడు. బర్రెల పనిలో ఆలస్యమైంది.

కబురు విని వాడకట్టు పెద్ద బాలనర్సింహ వచ్చాడు.

"ఆయనకెవరున్నరు?"

"తెల్వదు బాపు."

"ఊరు?"

"అది గూడ తెల్వదు."

"పండ్ల సంగతి అడగొచ్చిందిగని, ఊరు అడగరాలేదా నీకు?"

గది వెతికారు. రెండు ధోవతులు, ఓ చెంబు. అంతే.

"కొరివి పెట్టెటోడు లేకుంటే అనాథ శవమే. బల్దియా బండి వస్తది, వాళ్లే కాలుస్తరు, ఫికర్ చెయ్యకు."

"అనాథ అనకు బాపు. అందర్ల నవ్వులపాలు చేసిన ఈయన్ని. గిట్ల సాగనంపుతనా? ఆయన మనుషుల్ని వెతుక్కొస్త."

"ఏడని వెతుకుతవ్‌రా?"

ఏమో, అంజన్‌కే తెలియదు. బహదూర్‌పురా టాంగాల దగ్గర అడిగాడు. చాంద్రాయణగుట్ట రోడ్డు వెంట దుకాణం దుకాణం తిరిగాడు.

"పెట్టుడు పండ్ల ముసలాయన" అనగానే జనం నవ్వుతున్నారు.

"పండ్లను బట్టి మనిషిని పట్టుకుంటవా భాయ్?" అన్నాడో పాన్‌వాలా.

నిన్న తను నవ్విన నవ్వు కూడా అలాగే ఉండి ఉంటుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

గుమ్మం ముందు కట్టెల బండి ఆగి ఉంది. బహదూర్‌పురాలో కట్టెలమ్మే రామ్‌చందర్ మొద్దులు దింపుతున్నాడు.

"బల్దియా వద్దంటివి, కట్టెలు తెప్పించిన," అన్నాడు బాలనర్సింహ. "స్నానం గూడ అయింది. కొరివి సంగతే తేలలే. ఎవరన్న దొరికిన్రా?"

అంజన్ అడ్డంగా తలూపాడు.

పళ్లు కడిగి తెచ్చాడు. అవి లేకుండా ఆయన ఎవరికీ ముఖం చూపించలేదు. ఇప్పుడైనా పెట్టి పంపాలి. లోపలికి పోయిన పెదాల మీదికి వంగాడు.

"ఆగు," అన్నాడు వెనక నుంచి రామ్‌చందర్. "పండ్లు పెడితే నేను గూడ ఆనవాలు పట్టకపోదును. ఈ బోసినోరు నాకెరుకే."

"నీ చుట్టమా కాకా?" అంజన్ గొంతులో ఆశ.

రామ్‌చందర్ గుమ్మంలో ఉన్న ఆండాలును చూస్తున్నాడు. ఆమె గబుక్కున అంజన్ వెనక్కి జరిగింది. పెళ్లికి ముందు ఆమె ఓ నవాబు దేవిడీ భవంతిలో పనిపిల్ల. ఆ దేవిడీ గేటు దగ్గర లాఠీ పట్టుకుని నిలబడే జవాను ఇతనే.

"భయపడకు బిడ్డా," అన్నాడు రామ్‌చందర్. "ఇప్పుడు నేను ఎవరి జవాన్నీ కాదు."

"ఈయనకెవరన్న ఉన్నరా? ముందు అది చెప్పు," అన్నాడు బాలనర్సింహ.

రామ్‌చందర్ శవం కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఉన్నరు. ఈయన దేవిడీల తోటమాలి, పెట్టుడు పండ్లకు మొఖం మారి మీరు పోల్చలేకపోయిన్రు గని. ఈ పిల్ల మాయమైన పొద్దు వెనక దర్వాజ కాడ ఈయన ఒక్కడే ఉండె. ఎవనితోని పోయిందో చెప్పుమన్న. చెప్పలే. లాఠీతోని మూతి మీద కొట్టిన. పండ్లన్ని రాలినయ్, పేరు మాత్రం చెప్పలే. కొట్టింది నేనే. గా పేరేందో నాకు ఇయ్యాల ఎరుకైంది, అంజన్."