పడవ నంబరు 16661

"ఈ పడవ నీళ్లలో దిగేదానికి లేదు," అంటూ మగ్దలీనమ్మ తమ్ముడి కొత్త పడవకు అడ్డంగా నిలబడింది.

మైపాడు ఒడ్డున వల ఎక్కించి, ఐసుపెట్టె సర్ది, పాస్టరు గారి ప్రార్థన కోసం అప్పుడే తలగుడ్డ తీసిన తిమోతి బిత్తరపోయాడు.

"ఏందక్కా?"

"పక్కన ఏం రాయించినావో చూడు."

చూడటానికేముంది. పెయింటరు ఎర్రరంగుతో చేటంత అంకెలు వేశాడు. 16661.

"నడుమ మూడార్లు. బైబిలు ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్య అదే, సాతాను గుర్తు. దీని మీద ప్రార్థన చేస్తారా, పాస్టరు గారూ?"

పాస్టరు గారు అంకెల వంక చూశారు. మగ్దలీనమ్మ మొహం వంక చూశారు. బైబిలు మూసేశారు. అది చూసి, తిమోతికి తోడుగా వేటకు పోవడానికి పడవెక్కి కూర్చున్న బెన్హర్ మెల్లగా ఇసకలోకి దిగాడు.

తిమోతికి ఒళ్లు మండింది. "నేనడిగినానా ఈ నంబరు? ఫిషరీస్ ఆఫీసోళ్లు ఇచ్చినారు. మార్చమంటే కుదరదన్నారు. వాళ్లు బైబిలు చూసి ఇస్తారా నంబర్లు?"

నెల్లూరులో లెక్కల డిగ్రీ చదువుతున్న అతని కూతురు కెజియా మధ్యలోకి వచ్చింది.

"అత్తా, ఇది మంచి నంబరు. ప్రధాన సంఖ్య. ఒకటీ, అదీ తప్ప ఇంకే సంఖ్యా దీన్ని భాగించలేదు. నీ ఆరొందల అరవై ఆరు కూడా దీన్నేం చేయలేదు. పైగా ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే."

"ముందునుంచి వచ్చినా వెనకనుంచి వచ్చినా సాతాను సాతానేనమ్మా."

బెన్హర్ నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వుతో తిమోతికి మిగిలిన ఓపిక కూడా పోయింది.

"ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల పడవల్లో కూలికి పోయినా. నా పడవ మొదటిరోజే ఒడ్డున కూలబడితే ఇంకెవుడూ దీన్ని ఎక్కడు. ప్రార్థన లేకుంటే మానె. ఎక్కు బెన్హరూ."

ఒడ్డున ఉన్నవాళ్లు తలా ఒక చెయ్యి వేసి పడవను నీళ్లలోకి నెట్టారు.

పెద్ద అలలు పోనిచ్చి, ఆ సందులో పడవను తోలాలి. చిన్నప్పటినుంచీ తిమోతి చేస్తున్న పనే. కోపంలో ఆగలేదు. ఇంజను వేసి, ఒడ్డువైపు తల తిప్పి, "నీ ఆర్లు నువ్వే లెక్కపెట్టుకో పో," అని అరిచాడు.

తల తిప్పిన ఆ కాస్తలోనే పడవ అలకు అడ్డం తిరిగింది. అల లేచింది. పడవ బోర్లాపడింది.

ఇద్దరూ నడుంలోతు నీళ్లలో దగ్గుకుంటూ లేచారు. దెబ్బలేం తగల్లేదు. బోర్లాపడిన పడవను అలలే నెట్టుకొచ్చి మగ్దలీనమ్మ కాళ్ల ముందు పెట్టాయి. జనం దాన్ని తిప్పడానికి పరుగెత్తారు.

"ఆగండి," అందామె. వంగి, ఎర్ర అంకెలను ఒక్కొక్కటే చదువుకుంది. ఒకటి, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, ఒకటి.

"పాస్టరు గారూ, బైబిలు తెరవండి. ఇప్పుడు బాగుంది నంబరు. పడవ ఇట్నే ఉండనీండి, ఎవురూ తిప్పబాకండి."