హకీంపేట నుంచి బేగంపేటకు

హకీంపేటలో విమానాల మైదానం గేటు ముందు బండి ఆపుకొని గౌరయ్య పొద్దుటి నుంచి ఆకాశం కేసి చూస్తున్నాడు. మెడ పట్టేసింది.

ఇవాళ గోధూళి వేళకు శామీర్‌పేటలో అతని కూతురు జంగమ్మ పెళ్లి. పెళ్లికొడుకు మద్రాసు నుంచి విమానంలో దిగుతున్నాడు. రైలుండగా గాలిలో ఎందుకంటే, అతను కాంట్రాక్టరు రాజలింగం. యుద్ధంలో మిలిటరీకి గుడారాలమ్మి సంపాదించింది నలుగురికీ కనపడాలి కదా. వయసు యాభై. ఇది మూడో పెళ్లి. కుదిర్చింది దొర. దొర భూమి దున్నుకునే గౌరయ్యను ఎవరూ ఏమీ అడగలేదు, ఎడ్లు బాగున్నాయా అని తప్ప.

“పొద్దున మద్రాసుల ఫలారం, సందెకు శామీర్‌పేటల తాళి” అన్నాడట రాజలింగం. పిల్ల తండ్రి ఎదురొచ్చి బొట్టుపెట్టి తీసుకుపోతే తప్ప అడుగు కదపనని కూడా అన్నాడట. ఎదుర్కోలు లేకుండా తనంతట తాను వచ్చేస్తే పెళ్లికొడుకు పరువేం కావాలి?

పొద్దు నడినెత్తి దాటాక గౌరయ్య గేటు దగ్గరి జవాను మొయినుద్దీన్‌ను అడిగాడు.

“సాబ్, మద్రాసు గాలిమోటరు ఇంక దిగలె? మా పిల్ల లగ్గం. పెండ్లికొడుకు అండ్లనే వస్తాండు.”

“గిది ఫౌజు మైదానం, పెద్దాయనా. జనాల గాలిమోటరు బేగంపేటల దిగుతది. ఈపాటికి దిగే ఉంటది.”

గౌరయ్య నెత్తి పట్టుకున్నాడు. “బేగంపేట ఎంత దూరముంటది?”

“ఐదు కోసులు. మద్రాసు నుంచి గాలిమోటరుకు మూడు గంటలు. ఈడ నుంచి నీ ఎడ్లకు నాలుగు.” మొయినుద్దీన్‌కు జాలేసింది. “పరేషాన్ గాకు. సికింద్రాబాదుకు మా లారీ పోతాంది, జల్దీ ఎక్కు.”

గౌరయ్యకు ఒక్కసారిగా చెమటలు పట్టాయి. “ఎడ్లనెవలు జూస్తరు సాబ్? పెండ్లికొడుకును నెత్తిన మోసుకొస్తనా?”

“ముందు పిల్ల బతుకు జూసుకోవయ్యా.”

“గా బతుకు కోసమే గదా గీ గోసంత” అని కళ్లు తుడుచుకుంటూ గౌరయ్య బండెక్కాడు.

బొల్లారంలో చక్రం చీల ఊడింది. అల్వాల్‌లో ఎడ్లు నీళ్ల దగ్గర మొండికేశాయి. మల్లన్నా, గీ ఒక్క పూట గట్టెక్కియ్యి అని దారి పొడుగునా మొక్కుతూనే ఉన్నాడు. బేగంపేట చేరేసరికి రాజలింగం ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి బాసింగం చెవి మీదికి జారింది. అతను తిట్టిన తిట్లకు ఎడ్లు కూడా తలలు దించుకున్నాయి.

అక్కడ శామీర్‌పేటలో పొద్దు గూకుతోంది. పసుపు నీళ్లు పోసుకున్న పిల్లకు ముహూర్తం దాటితే ఇక పెళ్లి కాదని పెద్దలు దొర ముఖం చూశారు. దొరకు కాదనే దారి లేదు. పందిరి గుంజకు ఆనుకొని నిలబడ్డ మేనబావ కుర్మయ్యను లాక్కొచ్చి పీటల మీద కూర్చోబెట్టారు.

మర్నాడు దొర గౌరయ్యను వాకిట్లో నిలబెట్టాడు.

“ఏ మైదానమో అడగకుంటనే పోయినవారా, ఎడ్డోడా?”

“సదువుకున్నోన్ని గాదు గదా దొరా. గాలిమోటరంటే మాకెరికున్నది హకీంపేటనే.”

“నీ అసుంటోనికి పని జెప్పుడు నాదే బుద్ధి తక్కువ” అంటూ దొర లోపలికి వెళ్లిపోయాడు.

బేగంపేటలో విమానాలు దిగడానికి నేల చదును చేసిన రోజుల్లో, రెండేళ్ల పాటు అక్కడికి బండి మీద మొరం మట్టి తోలింది ఈ గౌరయ్యే.