ఒడ్డంతా ఒకటే పేరు

పడవ ముక్కున మేం దిద్దిన కళ్ళు నీళ్ళలో మునిగాయి. వెనక తెడ్లేస్తున్న నా కొడుక్కీ వాడి జట్టుకీ అది కనపడదు. ఒడ్డునున్న నాకు కనపడింది. పడవలోకి నీళ్ళెక్కుతున్నాయి.

కంబోడియా రాజధాని నాంపెన్‌లో ఏటా కార్తీక పున్నమికి జరిగే పడవల పందెం. వానలకి నది నిండుగా, వడిగా ఉంది.

"సారిత్! ఒరే, తెడ్డు ఆపరా! నీళ్ళు తోడండ్రా!"

డప్పుల మోతలో పక్కనున్న పట్నం కుర్రాడికి పేరొక్కటే వినపడినట్టుంది.

"మీ వాడా బాబాయ్? మేం లేమూ!" అంటూ "సారిత్! సారిత్!" అని అందుకున్నాడు.

"అది కాదురా సన్నాసీ, పడవ మునుగుతోంది!" వాడి భుజం పట్టి కుదిపాను. వాడు నా చెయ్యి పట్టుకుని పైకెత్తి ఊపాడు.

క్షణంలో ఒడ్డంతా అదే పేరు.

నా కొడుక్కి వినపడింది. ఇటు తిరిగి, గాల్లో ఊగుతున్న నా చెయ్యి చూసి నవ్వాడు. ఇంకా బలంగా తెడ్డు వేశాడు.